ట్రాన్స్ మగవాళ్ల కోసం వాయిస్ ట్రైనింగ్: 12 వారాల క్లాసులు, ఆ తర్వాత 3 నెలలు

ఈ క్లాసులు నాకు బాగా పనికొచ్చాయి, ఆ మాట ముందే చెప్పేస్తాను. కాకపోతే నేను ఏ పని కోసం చేరానో ఆ పనికి కాదు. గొంతు ఇంకా కిందికి దించడం నేర్పిస్తారని చేరాను. మొదటి క్లాసులోనే నేర్పే ఆవిడ, ఇవాళ్టి నుంచి గొంతు దించడం మానేయండి, అన్నారు. నాకు గుండె జారిపోయింది. తప్పు చోటికి వచ్చానేమో అనుకున్నాను.

నేను ట్రాన్స్ మ్యాన్‌ని, అంటే పుట్టినప్పుడు ఆడపిల్ల అని రాసిన మగవాడిని, వయసు 29. మగ హార్మోన్ టెస్టోస్టిరాన్ మొదలుపెట్టి, మాలో అందరం టీ అనే అంటాం, 4 నెలలు అయ్యాక ఈ క్లాసుల్లో చేరాను. ఇప్పుడు 10 నెలలు నిండాయి. వారానికి ఒకటి చొప్పున 12 క్లాసులు, ఒక్కోటి 45 నిమిషాలు, అన్నీ ఆన్‌లైన్‌లోనే. నేర్పేది ఒక్కరే, స్పీచ్ థెరపిస్ట్. పేరు మాత్రం ఇక్కడ పెట్టడం లేదు, ఎందుకంటే ఆవిడ దగ్గర నేర్చుకునేవాళ్లు చాలా తక్కువమంది, అందులో తెలుగువాడిని బహుశా నేనొక్కడినే, పేరు రాస్తే నేనెవరో పట్టుకోవడం కష్టమేం కాదు, మా ఆఫీసులో అందరికీ నా సంగతి తెలియదు కూడా. అందుకని ఇలాంటి క్లాసులు ఎక్కడ తీసుకున్నా దేని గురించి అడగాలి, దేనికి ఆశపడాలి, దేనికి ఆశపడకూడదు అన్నది రాస్తాను.

అసలు ఎందుకు చేరానంటే, ఫోన్. ఎదురుగా నిలబడితే బైండర్ ఉంది, అంటే ఛాతీ చదునుగా కనిపించేలా బిగుతుగా వేసుకునే లోపలి బట్ట, కత్తిరించిన జుట్టు ఉంది, వదులు చొక్కా ఉంది, అన్నీ కలిసి చూసినవాళ్లలో ఎక్కువమంది నన్ను మగవాడనే అనుకునేవారు, నేను నోరు విప్పేదాకా. ఫోన్‌లో అవేవీ ఉండవు కదా, గొంతు ఒక్కటే ఉంటుంది. టీ మొదలుపెట్టిన రెండో నెలలో ఒక ఖాతా పని మీద కస్టమర్ కేర్‌కి ఫోన్ చేశాను. ఖాతా నాది, పేరు మార్పించుకున్నాను, రికార్డుల్లో నా ఇప్పటి పేరే ఉంది. అటువైపు అబ్బాయి మర్యాదగానే, మేడమ్, ఖాతా ఉన్న సార్‌కి ఫోన్ ఇస్తారా, అన్నాడు. నేనే మాట్లాడుతున్నానండీ అన్నాను. కాదు మేడమ్, సార్ గొంతు వినాలి, అన్నాడు. పుట్టిన తేదీ చెప్పాను, చివరి నాలుగు అంకెలు చెప్పాను, మెయిల్ ఐడీ అక్షరం అక్షరం చెప్పాను, అయినా సార్‌కి ఇవ్వండి అనే మాటే. పక్కన కూర్చున్న మా తమ్ముడు చెయ్యి చాపి ఫోన్ తీసుకుని, ఆఁ, నేనే, చెప్పండి, అన్నాడు. వాడిని ఒక్క ప్రశ్న అడగలేదు. రెండు నిమిషాల్లో పని అయిపోయింది. తమ్ముడు ఫోన్ నా పక్కన పెట్టి టీవీ వైపు తిరిగాడు, టీవీ ఆపేసి ఉంది. వాడికి నా ముఖంలోకి చూడటం కష్టమైంది, నాకూ అంతే.

ఇక్కడ తెలుగు సంగతి ఒకటి చెప్పాలి, మనం రోజూ మాట్లాడే భాష కాబట్టి పట్టించుకోం. వస్తాను, తిన్నాను, ఉన్నాను, వీటిలో ఎక్కడా ఆడా మగా లేదు. హిందీలో అయితే 'ఆతా హూ' అన్న చిన్న ముక్కతో మనమెవరో మనమే చెప్పేసుకోవచ్చు. తెలుగులో ఆ వీలు దాదాపు లేదు, ఎదుటివాళ్లు నా గురించి 'వచ్చాడు' అంటారా 'వచ్చింది' అంటారా, అంతా అక్కడే తేలుతుంది. అందులోనూ మర్యాద తెలిసినవాళ్లు 'వచ్చారు' అనేస్తారు, 'మీరు' అంటారు, 'చెప్పండి' అంటారు. అప్పుడు వాళ్ల మనసులో నేను ఎవరో నాకు తెలిసే దారే ఉండదు. మాట్లాడినంతసేపూ ఎక్కడైనా ఒక 'సార్' పడుతుందా, 'అమ్మా' అంటారా అని చెవులు రిక్కించుకుని ఉంటాను. మా వాళ్లందరికీ ఈ టెన్షన్ తెలుసు. ఒకసారి మెట్ల మీద నిలబడి ఫోన్ చూసుకుంటుంటే ఒక పెద్దాయన తన ఫోన్‌లో ఎవరితోనో, 'ఎవడో కుర్రాడు అడ్డంగా నిలబడ్డాడు, వాడు జరిగితే పైకి వస్తా' అన్నాడు. ఆ మాట ఇంకొకరికి కోపం తెప్పిస్తుంది. నాకు మాత్రం ఆ 'వాడు' రోజంతా చెవిలో మోగుతూనే ఉంది, రాత్రి పడుకునేటప్పుడు కూడా.

నా నోటితో నేను చెప్పుకోగలిగే చోటు లేకపోలేదు. 'వెళ్లేవాడిని', 'ఆడుకునేవాడిని' అనొచ్చు. అంటే గడిచిపోయిన రోజుల గురించి చెప్పేటప్పుడన్నమాట, సరిగ్గా ఏ రోజుల్లో అయితే నన్ను ఎవరూ అలా పిలవలేదో ఆ రోజుల గురించి. అయినా అంటాను. చిన్నప్పుడు చెట్లెక్కేవాడిని అని చెప్పినప్పుడు అవతలివాళ్లు ఒక్క క్షణం ఆగుతారు, నేను ఆగకుండా చెప్పుకుంటూ పోతాను.

సరే, క్లాసుల దగ్గరికి వస్తాను. వీటికంటే ముందు సొంతంగా ప్రయత్నించాను. గొంతును లావుగా మార్చేస్తామని చెప్పే ఒక యాప్‌లో చేరాను, అది రోజూ గొంతు స్థాయికి ఒక అంకె ఇచ్చి, దానికంటే కింద 10 నిమిషాలు మాట్లాడమనేది. మూడు వారాలు పట్టుబట్టి చేశాను. గొంతు దిగలేదు, గీరుకుపోయింది, పొద్దున లేస్తే మాట బదులు గాలి వచ్చేది, ఒక వారమైతే సైగలతోనే నెట్టుకొచ్చాను. తర్వాత తెలిసిందేమిటంటే, టీ మొదలైన తొలి నెలల్లో స్వరతంత్రులు మందమవుతుంటాయి, ఆ సమయంలో గొంతు మీద బలవంతం పెడితే అలసట, బొంగురు తప్ప ఏమీ రాదు. ఎవరైనా ఇది చదివి అలాంటి యాప్‌లో ఉంటే దయచేసి ఆపేయండి.

ఈవిడ చేసిన మొదటి మంచి పని, క్లాసులు మొదలుపెట్టే ముందు ఈఎన్‌టీ డాక్టర్‌తో స్వరపేటిక చూపించుకుని రమ్మనడం. వాపు ఏమీ మిగల్లేదని తేలాకే తేదీ ఇచ్చారు. దీన్ని కొందరు టైమ్ వేస్ట్ అనుకుంటారు, నేనూ అనుకున్నాను, ఇప్పుడు మాత్రం ఆ మాట అడగనివాళ్ల దగ్గర చేరొద్దనే అంటాను.

రెండో మంచి పని నేను మర్చిపోలేనిది. మొదటి క్లాసులో ఊపిరి ఎలా తీస్తున్నానో చూసి, బైండర్ వేసుకున్నారా అని అడిగారు. వేసుకున్నాను అన్నాను. పక్కటెముకలు విచ్చుకోనివ్వదు, దాంతో గాలి చాలక గొంతు బిగుసుకుంటుంది, క్లాసుకి తీసేసి రాగలరా, అన్నారు. కెమెరా ముందు నేను అలా కూర్చోలేను. మా అమ్మ ముందే కూర్చోలేను. ఏం చెప్పాలో తెలియక ఊరుకున్నాను. ఆవిడ తన కెమెరా ముందు ఆపేశారు, తర్వాత నన్ను కూడా ఆపేయమన్నారు, నాకు కావాల్సింది మీ గొంతు ఒక్కటే, అన్నారు. 12 క్లాసుల్లో 11 అలాగే నడిచాయి, ఒకరినొకరం చూడకుండా. నన్ను చూడని మనిషి ముందు, బైండర్ లేకుండా, వదులు బనియన్‌లో కూర్చుని గట్టిగా ఊపిరి పీల్చుకోవడం అంటే ఏమిటో ట్రాన్స్ మగవాళ్లకి చెప్పక్కర్లేదు.

బైండర్ మాట వచ్చింది కాబట్టి ఒక్కటి చెప్పి ముందుకెళ్తాను. రోజుకి 8 గంటలు దాటొద్దు, వేసుకుని పడుకోవద్దు, ఎలాస్టిక్ బ్యాండేజీ చుట్టుకోవద్దు అని మనం ఒకరికొకరం చెప్పుకుంటాం, చెప్పుకుని మనమే 12 గంటలు ఉంచుకుంటాం. 2017లో అచ్చయిన ఒక అధ్యయనంలో 1,800 మందిని అడిగితే 97 శాతం మంది వెన్నునొప్పో, ఛాతీ నొప్పో, ఊపిరాడకపోవడమో, ఏదో ఒక ఇబ్బంది చెప్పారు. వారంలో కొన్ని రోజులు విప్పి ఉండటం మేలు అని కూడా అందులోనే ఉంది. నేను ఇన్నాళ్లూ గొంతుది అనుకున్న బలహీనతలో సగం గాలి లేకపోవడమేనని నాకు ఈ క్లాసుల్లోనే అర్థమైంది. గొంతు కాస్త కుదుటపడ్డాక బైండర్ విప్పి ఉండే గంటలు ఎక్కువయ్యాయి, ఎందుకంటే ఇంట్లో ఉండి ఫోన్ మాట్లాడేటప్పుడు దాని అవసరం నాకు కనిపించడం మానేసింది.

ఇక అసలు పాఠం. గొంతు ఎంత కింద ఉందో, ఎంత పైన ఉందో హెర్ట్జ్‌లో కొలుస్తారు, అంకె తగ్గేకొద్దీ గొంతు దిగినట్టు. మగవాళ్ల మాట సుమారు 85 నుంచి 180 హెర్ట్జ్ మధ్య, ఆడవాళ్లది 165 నుంచి 255 మధ్య ఉంటుందని సాధారణంగా చెప్తారు. చూశారా, మధ్యలో కొంత భాగం ఇద్దరిదీ. ఆ భాగంలో ఉన్న గొంతు విని కూడా వినేవాళ్లు ఆడో మగో ఠక్కున తేల్చేస్తారు, అంటే వాళ్లు అంకె ఒక్కటే వినడం లేదు. నేను చేరినప్పుడు 168 దగ్గర ఉన్నాను, అంటే సరిగ్గా ఆ మధ్యలో. అంకె దించే పని టీ చేస్తుంది, మీరు దానికి అడ్డు రాకుండా ఉంటే చాలు అన్నారావిడ. అదే నిజం, టీ తీసుకున్నవాళ్లలో గొంతు మార్పు మొదటి 6 నెలల్లో మొదలై ఒకటి రెండేళ్లలో నిలకడకు వస్తుంది, ఒకసారి వచ్చాక టీ ఆపేసినా వెనక్కి పోదు. గడ్డం అయితే ఇంకా నిదానం, నిండుగా రావడానికి ఏళ్లు పడుతుంది. కానీ టీ చేయలేనిది ఒకటుంది. స్వరపేటిక నుంచి పెదాల దాకా ఉండే దారి మగవాళ్లలో సగటున 17 సెంటీమీటర్లు, ఆడవాళ్లలో 14, 15, పెద్దయ్యాక టీ తీసుకుంటే ఆ పొడవు పెరగదు. అందుకే మనలో కొందరికి గొంతు బాగా దిగినా, వినేవాళ్లకి పెద్దమనిషిలా కాకుండా పదిహేనేళ్ల పిల్లాడిలా వినిపిస్తుంది.

నాకు అచ్చం అలాగే జరిగింది. ఐదో నెలలో మేడమ్ అనడం ఆగిపోయింది, దాని బదులు 'బాబూ, నాన్నగారికి ఫోన్ ఇవ్వమ్మా' మొదలైంది. 29 ఏళ్లవాడిని, ఇంటి ఫోన్ బిల్లు కడుతున్నవాడిని. అయినా నేను ఆ రోజు ఫోన్ పెట్టేసి చాలాసేపు నవ్వుకున్నాను, బాబూ అన్నాడు కదా. రెండో వారం నుంచి మాత్రం విసుగొచ్చింది. పాస్ అవడం అంటే మగవాడిగా కనిపించడమే అనుకుంటాం, నీ వయసున్న మగవాడిగా కనిపించడం అనేది దాని తర్వాత వచ్చే వేరే మెట్టు, దాని గురించి ఎవరూ ముందుగా చెప్పరు.

ఆ దారిని పొడిగించలేం కానీ ఉన్నదాన్ని బాగా తెరవొచ్చట. ఒక గ్లాసులో రెండు వేళ్లంత నీళ్లు పోసి స్ట్రా ముంచి, బుడగలు వచ్చేలా 'ఊ' అని సాగదీయాలి. మొదటిరోజు నా బుడగలు గుంపుగా ఒక్కసారి లేచి ఆగిపోయేవి, ఎందుకంటే గొంతు బిగించి గాలి నెట్టేవాడిని. గొంతు వదిలేస్తే బుడగలు చిన్నవై వరసగా వస్తాయి, కింద మంట సన్నగా పెట్టిన గిన్నెలో లాగా. అరచేయి రొమ్ముఎముక మీద పెట్టుకుని చేయమన్నారు. నాకు నా ఛాతీ మీద చేయి పెట్టుకునే అలవాటు లేదు, ఏళ్లుగా లేదు, స్నానంలో కూడా చూడకుండా తొందరగా ముగించేసేవాడిని. మూడో క్లాసులో చెయ్యి కింద ఏదో మోగింది. ఇంజిన్ ఆన్ చేసి ఉన్న బండి మీద చెయ్యి వేస్తే ఎలా ఉంటుందో అలా, సన్నగా. ఆవిడకి కనిపించదు కదా, అందుకని అడిగారు, తగిలిందా అని. తగిలింది అన్నాను. ఆ ఒక్క మాట బయటికి వచ్చిన గొంతు నాకే కొత్తగా ఉంది, నేను దించలేదు, అదే దిగి కూర్చుంది.

ఇక లోపాల గురించి. అన్నిటికంటే పెద్దది భాష. ఆవిడకి తెలుగు రాదు, ప్రాక్టీస్ వాక్యాలన్నీ ఇంగ్లిష్‌లో. ఆరో వారానికి ఇంగ్లిష్‌లో నేను 135 దగ్గర నిలకడగా ఉండేవాడిని, ఫోన్ ఎత్తి తెలుగులో మాట్లాడితే 160 దాటిపోయేవాడిని. ఎందుకో నాకు నెలరోజులు అర్థం కాలేదు. నా కాల్స్‌లో నా వైపు మాటలే రికార్డ్ చేసుకుని విన్నాక తెలిసింది. ఇంగ్లిష్ మాటలు చాలావరకు హల్లుతో ఠక్కున ఆగుతాయి, తలుపు వేసినట్టు. తెలుగు మాట అచ్చుతో ముగుస్తుంది, ఆ అచ్చుని ఎంతదూరమైనా లాగొచ్చు. 'అలాగేనండీ', 'ఇప్పుడే వస్తున్నానూ', 'ఏమో తెలీదండీ', ఆ సాగిన చివర్లోనే నా గొంతు పాత మెట్లు ఎక్కి పైకి పోతోంది. మా తమ్ముడు మాట్లాడేటప్పుడు గమనించాను, వాడు కూడా సాగదీస్తాడు, 'వస్తున్నా' అని ఎంత లాగినా కిందికే లాగుతాడు, చివర్లో సగం మింగేస్తాడు.

అయితే నాకు ఒక భయం పట్టుకుంది. మగ గొంతు కోసం 'అండీ' వదిలేయాలా, ముక్తసరిగా, పొడిపొడిగా మాట్లాడాలా? మాకు చిన్నప్పటి నుంచి ఒంటబట్టిన మర్యాద అది, దాన్ని మగతనం కోసం వదులుకోవడం నాకు ఇష్టం లేదు. ఇదే ఆవిడని అడిగాను. ఏదీ వదలక్కర్లేదు, ఆ మాటను ఎక్కడ దించుతున్నారో అదొక్కటే మారుద్దాం, అన్నారు. 40 తెలుగు వాక్యాలు నేనే రాసి పంపాను, 'ఎవరండీ మాట్లాడేది' దగ్గర నుంచి 'కాస్త ఆగండి, చూసి చెప్తాను' దాకా. ఆవిడకి అర్థం తెలియకపోయినా చెవి గట్టిది, నాలుగోది చివర్లో పైకి పోయింది, పదకొండోది బాగుంది, అలా ఒక్కొక్కటీ సరిచేశారు. ఇప్పుడు 'అండీ' అంటాను, మెట్టు దిగినట్టు అంటాను. కానీ ఆ వాక్యాలు రాసుకునే పని నాది కాకూడదు. ఏ భాషలో బతుకుతారు, ఏ భాషలో ఫోన్ ఎత్తుతారు అని మొదటిరోజే అడిగి ఉంటే నాకు నెల మిగిలేది. తెలుగు వచ్చిన స్పీచ్ థెరపిస్టులు ఎవరైనా ఇది చదువుతుంటే, ఈ పని మీద దృష్టి పెట్టండి, మీ కోసం చాలామందిమి ఎదురుచూస్తున్నాం.

రెండో లోపం చిన్నదే కానీ నన్ను బాధపెట్టింది. రికార్డింగులు దాచే ఫోల్డర్ మీద నా పాత పేరు ఉంది, డబ్బు కట్టిన ఖాతాలో ఇంకా అదే ఉండటం వల్ల దానంతటదే పడిందట. నా కొత్త గొంతు వినడానికి పాత పేరు మీద నొక్కాలి. చెప్పిన రోజే మార్చేశారు, క్షమించమని కూడా అడిగారు. చేరేముందు రికార్డింగులు ఎక్కడ ఉంటాయి, ఏ పేరుతో ఉంటాయి, ఎప్పుడు చెరిపేస్తారు అన్నది మీరే అడగండి.

పాటల గురించి మాత్రం మొదటే నిజాయితీగా చెప్పారు, పై స్థాయి పోతుంది, తిరిగి రాకపోవచ్చు అని. నేను పాడే మనిషిని కాదు కాబట్టి పెద్దగా పట్టించుకోలేదు, పాడేవాళ్లు మాత్రం టీ మొదలుపెట్టే ముందే ఈ మాట మాట్లాడుకోవాలి.

ఎనిమిదో వారంలో జరిగింది చెప్పాలి. నా వాక్యాలు విని ఆవిడ, మీరు ఎవరో తరుముతున్నట్టు మాట్లాడతారు, అన్నారు. నిజమే. ఇన్నేళ్లు మీటింగుల్లో నేను ఏది చెప్పినా సగంలో ఎవరో ఒకరు అందుకునేవారు, అందుకని వాళ్లు అందుకునేలోపే ముగించేయాలని పరుగెత్తేవాడిని. ఊపిరి తీసుకుంటే ఆ సందులో దూరేస్తారని ఊపిరి కూడా తీసుకునేవాడిని కాదు. ఇది గొంతు సమస్య అని నాకెప్పుడూ అనిపించలేదు. ఉద్యోగం మారాక, కొత్తచోట నన్ను మొదటి నుంచీ మగవాడిగానే చూసినవాళ్ల మధ్య, ఒకరోజు మాట మధ్యలో ఊపిరి కోసం ఆగాను. అందరూ ఎదురుచూశారు. ఎవరూ అందుకోలేదు. నాకు తర్వాతి మాట గుర్తురాలేదు, అంత కొత్తగా ఉంది ఆ నిశ్శబ్దం.

బెన్ బారెస్ అని స్టాన్‌ఫర్డ్‌లో మెదడు మీద పరిశోధన చేసిన శాస్త్రవేత్త ఉండేవారు, ట్రాన్స్ మ్యాన్, 1997లో ట్రాన్సిషన్ అయ్యారు, అంటే మగవాడిగా బతకడం మొదలుపెట్టారు. ఆయన సెమినార్ అయ్యాక ఒకాయన, ఈయన పని వాళ్ల సిస్టర్ పని కంటే చాలా నయం, అన్నాడట. ఆ సిస్టర్ వేరే ఎవరో కాదు, పాత పేరుతో ఉన్నప్పటి ఆయనే. ఈ సంగతి ఆయన 2006లో నేచర్ పత్రికలో రాశారు, మగవాళ్లు మధ్యలో అడ్డురాకుండా ఒక వాక్యం పూర్తిచేయగలుగుతున్నానని కూడా రాశారు. కొన్నేళ్ల క్రితం ఇది చదివి ఊరుకున్నాను. ఇప్పుడు మీటింగులో నా పక్కన కూర్చునే అమ్మాయి మాట సగంలో తెగినప్పుడల్లా అదే గుర్తొస్తుంది, ఎందుకంటే ఆ తెగడం ఎలా ఉంటుందో నా గొంతుకి తెలుసు. ఆవిడని పూర్తి చేయనివ్వండి అంటాను. నేను అంటే వింటున్నారు. ఆ వినడం నాకు సంతోషంగా లేదు.

రాత్రిపూట ఇంకో సంగతి. ఫోన్ మాట్లాడుకుంటూ నడుస్తున్నాను, ముందు ఒకావిడ వెళ్తోంది. నా గొంతు వినగానే బ్యాగ్ ముందుకు లాక్కుని అడుగు వేగం పెంచింది. ఆ అడుగు నాకు తెలుసు, పదేళ్లు నేను వేసిన అడుగే. రోడ్డు దాటి అవతలి వైపుకి వెళ్లిపోయాను, ఫోన్‌లో అమ్మ, ఏమైంది, మాట్లాడవేం, అంటోంది. ఏ గొంతు కోసం ఇన్ని వారాలు నీళ్లల్లో బుడగలు ఊదానో ఆ గొంతే ఒక మనిషిని భయపెట్టింది. ట్రైనింగ్‌లో దీని గురించి ఒక్క క్లాసు ఉండాలి, లేదు. మగవాడిగా వినిపించడం ఎలాగో నేర్పారు, అలా వినిపించాక ఎదుటివాళ్లలో వచ్చే మార్పుని ఎలా మోయాలో నేర్పలేదు. ఇది ఆవిడ ఒక్కరి లోపం అనను.

ఫలితం గురించి అడుగుతారు కాబట్టి, ఇప్పుడు మామూలుగా మాట్లాడితే 122, 125 మధ్య ఉంటున్నాను, తెలుగులో కూడా. ఇందులో టీ ఎంత, క్లాసులు ఎంత అని విడదీయలేను. అంకె టీ వల్లే వచ్చింది అనుకుంటున్నాను. నిలకడ, గాలి, చివరి అచ్చు, తరుముడు తగ్గడం, ఇవి క్లాసుల వల్ల. ఫోన్‌లో 'నాన్నగారికి ఇవ్వు' అనడం ఆగి రెండు నెలలైంది. అదే కస్టమర్ కేర్‌కి మొన్న మళ్లీ ఫోన్ చేశాను, 'సార్, చెప్పండి సార్', ఒక్క నిమిషం. కానీ ఇంకో ఖాతా పాత పేరు మీదే ఉండిపోయింది, అక్కడ ఇప్పుడు, 'ఖాతా ఉన్న మేడమ్‌ని మాట్లాడమనండి సార్' అంటున్నారు. కాగితాలన్నీ గొంతుతో పాటు మారవు, కాబట్టి వరసగా పెట్టుకోండి, ఏది ముందు మార్పించాలో.

ఎవరు చేరొచ్చు అంటే, టీ మొదలుపెట్టి మూడు నాలుగు నెలలు దాటి గొంతు ఊగుతున్నవాళ్లు తప్పకుండా చేరొచ్చు. టీ తీసుకోనివాళ్లకి, తీసుకోలేనివాళ్లకి కూడా ఊపిరి, మాట దించే తీరు పనికొస్తాయి, ఆవిడ దగ్గర అలాంటివాళ్లూ ఉన్నారు, కాకపోతే 120కి చేరిపోతామని అనుకోవద్దు. టీ మొదలుపెట్టి రెండు వారాలే అయినవాళ్లు మాత్రం ఆగండి, ముందు గొంతుని దాని పని చేసుకోనివ్వండి, నీళ్లు తాగండి, గుసగుసలాడకండి, గుసగుస కూడా శ్రమే.

ఈ 12 క్లాసుల్లో అసలు తగలనిది ఒకటి మిగిలిపోయింది. మెల్లగా మాట్లాడటం వచ్చింది, మీటింగులో మాట్లాడటం వచ్చింది, అరవడం రాలేదు. గట్టిగా నవ్వితే, తుమ్మితే, దూరం నుంచి పిలిస్తే పాత గొంతు చటుక్కున బయటికి వచ్చేస్తుంది. అందుకని కొన్ని నెలలుగా నేను గట్టిగా నవ్వడం తగ్గించేశాను, ఇంట్లోవాళ్లు గమనించారు. పోయినవారం తమ్ముడు తాళంచెవులు మర్చిపోయి కిందికి దిగిపోయాడు, పై నుంచి 'ఒరేయ్' అని పిలిచాను. 'ఒ' బాగానే వెళ్లింది, 'రే' దగ్గర విరిగిపోయి పైకి లేచింది. కింద నలుగురు తలెత్తి చూశారు. తమ్ముడు కూడా చూసి, అటూ ఇటూ ఎవరినీ పట్టించుకోకుండా, 'ఏంట్రా అన్నయ్యా' అని నా కంటే గట్టిగా అరిచాడు.

ఇంకో 4 క్లాసులకి పేరు ఇచ్చాను, పిలుపు కోసమే. ఈసారి ప్రాక్టీస్ వాక్యాలు రాయడం కష్టం కాలేదు, మొదటి మాట 'ఒరేయ్'.